కాందిశీక బాలిక రాష్ట్రపతి యైన చరిత్రము

సంస్కృతమున ‘కాం దిశమ్’ అనగా ‘ఏ దిక్కునకు’ అని యర్థము. భయముచే ఇల్లు విడిచి, ఏ దిక్కునకు పోవుదునా యని తల్లడిల్లువాడు కాందిశీకుడు. ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద దుఃఖమును ఇమిడ్చిన పూర్వుల నేర్పు మెచ్చదగినది. దేశాంతరము పోవువారందఱును కాందిశీకులు కారు. పనికొఱకు కువైటు మొదలగు దేశములకు పోవు రాజంపేట ప్రాంతపు స్త్రీపురుషులకు వెనుక ఒక యిల్లు, ఒక యూరు, తిరిగి వచ్చుటకొక దారి యుండును. కాందిశీకునకు ఆ దారియే మూసికొనిపోవును.

తెలుగువారికి ఈ దుఃఖము తెలియనిది కాదు. కూలికిని వర్తకమునకును బర్మాదేశము పోయి రంగూను మొదలగు చోట్ల నివసించిన తెలుగువారిని అచ్చట కోరంగివారని పిలిచెడివారు. 1942లో జపాను సేనలు ఆ దేశమున చొచ్చినపుడు లక్షలకొలది భారతీయులు ఇండ్లు వాకిండ్లు విడిచి, అడవులును కొండలును దాటి కాలినడకన స్వదేశము చేరవలసివచ్చెను. దారిలో ఆకలికిని రోగములకును బలియైనవారు వేలకొలది. 2021 నవంబరు 19వ తేదీ ఉదయమున అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, చెయ్యేటి నీరు పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామములపై విరుచుకొనిపడినపుడు, కట్టుబట్టలతో మిగులుట యన నేమో ఈ తాలూకావారు కన్నులార చూచిరి.

అట్లు కట్టుబట్టలతో ఇల్లు వెడలిన వారిలో ఏడేండ్ల బాలిక యొకతె కలదు. ఆమె ఏబదియేండ్లకు పైబడి మూడు పరదేశములలో పెరిగి, చదివి, పనిచేసి, తుదకు పుట్టినగడ్డకు మరలివచ్చి, ఆ దేశపు రాష్ట్రపతి పీఠము నధిష్ఠించెను. ఆమె పేరు వైరా వీకె ఫ్రైబెర్గా. ఆ పేరునకును తెలుగులోని వైరమునకును సంబంధము లేదు. ఇల్లు, బొమ్మలు, బడి, చెలికత్తెలు అన్నియు పోయిన ఆ చిన్నదానివద్ద, ఎవ్వరును లాగికొనజాలని సొత్తు ఏమి మిగిలెను? ఆ సొత్తు ఆమెను ఎంతదూరము నడిపించెను? ఈ రెండు ప్రశ్నలకును ఆమె జీవితమే సమాధానము.

బాల్టికు తీరపు చిన్న దేశము

ఆమె జన్మభూమి లాత్వియా. ఐరోపా ఖండపు ఉత్తరభాగమున బాల్టికు సముద్రపు టొడ్డున, ఎస్తోనియా, లిథువేనియా దేశముల నడుమ నున్నది. తూర్పున రష్యా. వైశాల్యము సుమారు 64,600 చదరపు కిలోమీటర్లు. అనగా కడప, కర్నూలు, అనంతపురము, చిత్తూరు అను పాత నాలుగు జిల్లాల రాయలసీమకంటె కొంచెము చిన్నది. జనసంఖ్య 20 లక్షలకు లోపు. రాయలసీమయందు బండలును ఎండలును ఎంత యధికమో, అచ్చట అడవులును మంచును అంత యధికము. రాజధాని రీగా నగరము.

లాత్వియను భాష ఆర్యభాషా కుటుంబమునకు చెందినది. సంస్కృతము కొంచెమైన తెలిసినవారు దాని మాటలు కొన్ని విన్నచో ఆశ్చర్యపడుదురు. దేవుడు వారికి ‘దియెవ్స్’, దినము ‘దియెన’, అగ్ని ‘ఉగున్స్’, రెండు ‘దివి’, మూడు ‘త్రీస్’. వేల యోజనముల దూరమున, ఎన్నడును ఒకరినొకరు చూడని జనుల నోట ఒకే వేరునుండి పుట్టిన మాటలు నిలిచియున్నవి.

ఇట్టి ప్రాచీనమైన భాష గలవారైనను, లాత్వియనులు శతాబ్దములపాటు జర్మను ప్రభువులకును, పోలండు, స్వీడను, రష్యా రాజ్యములకును లోబడియుండిరి. 1918 నవంబరు 18వ తేదీన స్వాతంత్ర్యమును ప్రకటించుకొనిరి. ఆ స్వాతంత్ర్యము ఇరువదిరెండేండ్లు కూడ నిండలేదు. 1939 ఆగస్టు 23న హిట్లరు ప్రభుత్వమును స్టాలిను ప్రభుత్వమును రహస్యముగ ఒడంబడిక చేసికొని నడుమనున్న దేశములను పంచుకొనెను. 1940 జూను నెలలో సోవియట్టు సేనలు లాత్వియాను ఆక్రమించెను. 1941 జూను 14న ఒక్కనాడే సుమారు 15 వేలమందిని, పసిబిడ్డలతో సహా, రైలుపెట్టెలలో నెక్కించి సైబీరియా మొదలగు దూరప్రాంతములకు పంపివేసిరి. కొన్ని దినములకే జర్మను సేనలు వచ్చెను. వారి యేలుబడిలో ఆ దేశపు యూదులలో సుమారు 70 వేలమంది హతులైరి. 1944 అక్టోబరులో రీగా నగరము మరల సోవియట్టు సేనల వశమయ్యెను. ఒక పులి నోటినుండి తప్పించుకొన్నవానికి మరియొక పులి యెదురైనట్లు ఆ చిన్న దేశపు గతి యాయెను. లక్షకు పైగా జనులు పడమటి దిక్కునకు పరుగెత్తిరి. మొదటిసారి జరిగినదానిని చూచినవారు రెండవసారి నిలిచియుండుటకు భయపడుట సహజమేకదా.

చలికాలపు ప్రయాణము

వైరా 1937 డిసెంబరు 1వ తేదీన రీగాలో జన్మించెను. 1944 సంవత్సరము ముగిసి 1945 ప్రవేశించు వేళ, కఠినమైన చలికాలమున, తల్లియు మారుతండ్రియు బిడ్డలను తీసికొని ఓడ నెక్కి జర్మనీ చేరిరి. ఆ జర్మనీయు అప్పటికి కూలిపోవుచున్న దేశము. పైనుండి బాంబులు, క్రింద ఆకలి. కాందిశీకుల శిబిరమున వైరా చెల్లెలు, పది నెలల పసికందు, ఊపిరితిత్తుల జబ్బుచే మరణించెను. ఆ బిడ్డకును ఏ పాపమును తెలియదు. ఈ చరిత్రమున ముందు చెప్పబోవు పదవులును గౌరవములును చదువునపుడు ఆ పసికందును మఱవరాదు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే ఓడపై వచ్చిన యిద్దఱిలో ఒకతె మాత్రమే పెరుగగలిగెను.

యుద్ధము ముగిసిన పిదప ఆ కుటుంబము ఉత్తర జర్మనీలోని ల్యూబెక్ నగరమువద్ద నున్న శిబిరమున నివసించెను. అచ్చటి లాత్వియను కాందిశీకులు చేసిన పని యొకటి మిక్కిలి గమనింపదగినది. తినుటకు కొలతవేసి యిచ్చు తిండి, పండుకొనుటకు పలువురు కలిసియుండు గది, రేపేమగునో తెలియని బ్రదుకు. అయినను వారు బిడ్డలకు తమ భాషలో బడి పెట్టుకొనిరి. వైరాకు అక్షరాభ్యాసపు బడి అదియే. తిరిగి పోవుటకు దేశము లేనివారు ఆ దేశపు భాషను బిడ్డలకు నేర్పుట వెఱ్ఱియని ఆనాడు తలచినవారు కూడ నుండవచ్చును. ఆ వెఱ్ఱియే తరువాత ఫలించెను.

1949లో కుటుంబము ఆఫ్రికా ఖండపు వాయవ్యమూలనున్న మొరాకోకు పోయెను. అప్పుడది ఫ్రాన్సు రక్షణలోని రాజ్యము. దావురాత్ అనుచోట జలవిద్యుత్తుకై కట్టుచున్న ఆనకట్ట పనివారి గ్రామమున వారుండిరి. మంచుదేశపు బిడ్డ ఎండదేశమునకు వచ్చెను. బడిలో భాష ఫ్రెంచి. ఒక్క ముక్కయు తెలియని భాషలో బడికి పోయి, ఆ భాషలోనే అందఱితోపాటు చదువ నేర్చెను. పిదప కాసాబ్లాంకా నగరపు బాలికల పాఠశాలలో చేరెను.

అచ్చట జరిగిన యొక సంగతిని ఆమె పెద్దయైన తరువాత చెప్పెను. ఆమె ఇంకను చిన్నపిల్లయై యుండగనే, తండ్రితో పనిచేయు స్థానికుడొకడు ఆమెకు పెండ్లిబేరము తెచ్చెను. ధనము, గాడిదలు, పశువులు ఇత్తుమనెను. తెలుగుదేశమున ఓలియనియు, పండితులు కన్యాశుల్కమనియు చెప్పు ఆచారము వంటిదే యది. తండ్రి ఆమె బిడ్డయనియు, బడికి పోవలసినదనియు చెప్పి నిరాకరించెను. చదువు ముగియువఱకు ఆగెదమని ఆ వచ్చినవాడు మరల బ్రతిమాలెనట. పెద్దలకది నవ్వులాటగ తోచినను ఆ పిల్ల గుండె మాత్రము దడదడలాడెను.

ఆనాటి ఆ కుటుంబపు స్థితి నాలోచింపుడు. సొంతయూరు లేదు, పొలము లేదు, అండగా బంధువులు లేరు. లేమిలో నున్నవానికి ఆడుపిల్ల భారమని తోచుట, ఒక నోరు తగ్గునని యాశపడుట లోకమున కలదు. రాయలసీమలో కఱవు వచ్చినపుడెల్ల మొదట బడి మానునది ఆడుపిల్లయే యనుట ఈ సీమవారికి చెప్పనక్కఱలేదు. నెత్తిపై సొంత కప్పు లేని ఆ తండ్రి ‘బడికి పోవలసినది’ అని పలికిన మాటయే ఈ చరిత్రమునకు మూలస్తంభము. ఆ మాట లేనిచో తక్కిన కథయే లేదు.

పగలు పని, రాత్రి చదువు

1954లో కుటుంబము మరల సముద్రము దాటి కెనడా దేశపు టొరంటో నగరము చేరెను. మరల క్రొత్తదేశము, మరల క్రొత్తభాష. పదునారేండ్ల వైరా పగలు ఒక బ్యాంకులో గుమాస్తాగ పనిచేయుచు, సాయంకాలపు తరగతులకు పోయి ఉన్నతపాఠశాల చదువు ముగించెను. టొరంటో విశ్వవిద్యాలయమున 1958లో బి. ఏ. పట్టమును, 1960లో మనశ్శాస్త్రమున ఎం. ఏ. పట్టమును పొందెను. నడుమ భాషాంతరీకరణము చేసెను. స్పానిషు భాషను బోధించెను. మానసిక రోగుల వైద్యాలయమున పనిచేసెను. మాంట్రియల్ నగరపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున 1965లో డాక్టరు పట్టము పొందెను.

ఆడువారికి చదువేల యను మాట కఱవుసీమలలోనే వినబడునని తలపరాదు. విద్యార్థినిగ నుండగా ఒక ఆచార్యుడు తరగతిలో, స్త్రీలు పెండ్లాడి బిడ్డలను కని చదువును వ్యర్థము చేయుదురనియు, నిజమైన శాస్త్రజ్ఞుడు కాదగిన పురుషుని స్థానమును వారాక్రమించుచున్నారనియు పలికెనని ఆమె తరువాత తెలిపెను. అచ్చట నున్న స్త్రీలు ఆ మాటను మఱవక, దానికి తమ పనితోనే బదులు చెప్పిరి. వైరా సాటి లాత్వియను కాందిశీకుడును ఆచార్యుడునైన ఇమాంట్స్ ఫ్రైబెర్గ్స్‌ను పెండ్లాడెను. ఇద్దఱు బిడ్డలను కనెను. 1965 మొదలు 1998 వఱకు, ముప్పదిమూడేండ్లు, మాంట్రియల్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిలో ఫ్రెంచి భాషలో బోధించెను. లాత్వియను, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు భాషలు ఆమెకు స్వాధీనములు. వానిలో పెక్కింటిని ఆమె దేశములు తిరిగి అవసరముకొలది నేర్చినదే. ఇల్లు పోగొట్టిన పరుగే ఈ సంపదను చేకూర్చెను.

పాటల పెట్టె

ఇంతవఱకు చెప్పినది పట్టుదలగల యొక విద్యావంతురాలి కథ. అట్టివారు లోకమున పలువురు కలరు. ఆమెను పుట్టినగడ్డకు మరల చేర్చినది వేఱొకటి. అది పాట.

లాత్వియనుల జానపద గీతములను దైనాలందురు. అవి చాలవఱకు నాలుగేసి చరణముల చిన్నపాటలు. కర్తలు తెలియరు. పాడినవారిలో ఎక్కువమంది స్త్రీలు. తిరుగటి వద్ద, పొలములో, పెండ్లిలో, ఊయెల వద్ద, చావునాడు పాడుకొనినవి. తెలుగువారి రోకటిపాటలు, తిరుగటిపాటలు, లాలిపాటలు వంటివే యనవచ్చును. రాజులు లేని ఆ జాతికి ఆ పాటలే పురాణములు, ఆ పాటలే ధర్మశాస్త్రములు. క్రిష్యానిస్ బారోన్స్ (1835–1923) అను మహనీయుడు తన జీవితములోని పెద్దభాగమును ఈ పాటల సేకరణకు ధారవోసెను. ఊరూరినుండి వచ్చిన పాటలను చిన్నచిన్న కాగితపు చీటీలపై వ్రాసి, వానిని వరుసగ నుంచుటకు 1880లో డెబ్బది సొరుగులుగల కొయ్య బీరువాను చేయించెను. ఆ చీటీలనుండి 1894 మొదలు 1915 వఱకు వెలువడిన సంపుటములలో రెండులక్షల పదునేడువేలకు పైగా పాటలు ముద్రితములైనవి. ఆ బీరువా నేటికిని రీగాలో భద్రముగ నున్నది. 2001లో ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ దానిని ప్రపంచ స్మృతి నిధులలో చేర్చెను.

రాజంపేటవారికి దీని విలువను వేఱుగ చెప్పవలసిన పనిలేదు. కూతవేటు దూరమున నున్న తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుల కీర్తనలు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల యాలయములోని యొక రాతియరలో శతాబ్దములు వెలుగెఱుగక యుండి, 1922లో బయల్పడెను. ఆయన రచించినవి ముప్పదిరెండువేలని ప్రతీతి; దొరకినవి అందు సగమునకు లోపే. పాటను ఎక్కడనో ఒకచోట ఎవరో ఒకరు దాచిననే అది తరువాతివారికి దక్కును.

వైరా వృత్తి మనశ్శాస్త్రము. మనసు మాత్రము ఈ పాటలయందు. విశ్వవిద్యాలయపు పని ముగించి, తక్కిన వేళలందు దైనాలను పరిశోధించెను. సూర్యుని గూర్చిన వేలకొలది దైనాలను దంపతులిద్దఱు గణనయంత్రమున కెక్కించి, మాటమాటను వెదకి పోల్చుటకు వీలు కల్పించిరి. ఆ పాటలలో సూర్యుడు పురుషుడు కాడు, స్త్రీ. దిక్కులేని పిల్లలకు తల్లి. తల్లిలేని యనాథ బాలిక కన్నీరు తుడుచునది ఆ సూర్యమాతయే. భారతమునందును వనవాసారంభమున ధర్మరాజు మొదట మొఱపెట్టుకొన్నది సూర్యునకే. అక్షయపాత్రమును ప్రసాదించినవాడును ఆయనయే. విరాటుని కొలువున సైరంధ్రియై యుండిన ద్రౌపది, కీచకుని యింటికి పోవలసివచ్చినపుడు తలచుకొన్నదియు సూర్యునినే. ఇల్లు పోయినవానికి ఏ దేశమునకు పోయినను వెంటవచ్చునది సూర్యు డొక్కడేకదా! రెండు దూరదేశముల జనులు ఒకే యూహను పొందుటలో వింతలేదు. కాందిశీకయైన వైరా, వేయి విషయములలో ఈ పాటలనే యేరుకొనుటలోను వింతలేదు.

ఆమె మాంట్రియల్‌లో పాటలను శోధించుచుండగా, లాత్వియాలో జనులు పాటలతోనే స్వాతంత్ర్యమును కోరుచుండిరి. 1873 మొదలు రీగాలో జరుగుచు వచ్చిన గీతోత్సవములు ఆ జాతికి ప్రాణము. 1989 ఆగస్టు 23న, ఆ రహస్యపు టొడంబడికకు సరిగ ఏబదియేండ్లు నిండిననాడు, ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా ప్రజలు సుమారు 20 లక్షలమంది చేతులు కలిపి 600 కిలోమీటర్ల పొడవున నిలిచిరి. రాజంపేటనుండి హైదరాబాదునకు పోవు దారికంటె అది పొడవు. ఆ యుద్యమ మంతటికి ‘గానవిప్లవ’మని పేరు వచ్చెను. 1991 ఆగస్టులో లాత్వియా మరల స్వతంత్రమయ్యెను.

మరలిరాక, పీఠారోహణము

1998లో వైరా విశ్వవిద్యాలయమునుండి విరమించి స్వదేశము చేరెను. ఆ యక్టోబరులో లాత్వియా ప్రభుత్వము, దేశమును గూర్చి ప్రపంచమునకు తెలుపుటకై క్రొత్తగ నెలకొల్పిన లాత్వియా సంస్థకు ఆమెను సంచాలకురాలిగ నియమించెను. ఆ మఱుసటియేడు రాష్ట్రపతి యెన్నిక వచ్చెను. ఆ దేశమున రాష్ట్రపతిని ‘సయిమా’ యను నూర్గురు సభ్యుల శాసనసభ నాలుగేండ్లకు ఎన్నుకొనును. 1999 జూనులో మొదట నిలిచిన అభ్యర్థులలో ఎవ్వరికిని చాలినన్ని యోట్లు రాలేదు. అప్పుడు ఏ పక్షమునకును చెందని వైరా పేరు ముందుకు వచ్చెను. ఆమెకు 53 ఓట్లు వచ్చెను. దేశము చేరి యేడాది యైనను నిండకుండగనే, 1999 జులై 8వ తేదీన, అఱువదియొకటవ యేట, లాత్వియా తొలి మహిళా రాష్ట్రపతిగ ప్రమాణము చేసెను. 2003లో 88 ఓట్లతో రెండవసారి యెన్నికయ్యెను.

ఆమె కాలమున, 2004 మార్చి 29న లాత్వియా ‘నాటో’ రక్షణకూటమియందును, అదే సంవత్సరము మే 1న ఐరోపా సమాఖ్యయందును చేరెను. ఈ రెండింటికై ఆమె దేశదేశములు తిరిగి, ఆయా భాషలలో మాటాడి, తన చిన్నదేశము పక్షమున వాదించెను. 2005లో ఐక్యరాజ్యసమితి సంస్కరణములకై ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ నియమించిన ప్రత్యేక దూతలలో ఆమె యొకతె. 2006లో ఆ ప్రధాన కార్యదర్శి పదవికే బాల్టికు దేశములు మూడును ఆమె పేరు సూచించెను. ఆనాటి అభ్యర్థులలో ఆమె యొక్కతెయే స్త్రీ. భారతదేశపు పక్షమున శశి థరూర్ పోటీచేసెను. పదవి దక్షిణ కొరియా వాసి బాన్ కీ మూన్‌కు దక్కెను.

రెండు పర్యాయములు ముగిసి 2007 జులై మొదటివారమున ఆమె పదవి విడిచెను. ఆ నెల 25వ తేదీననే భారతదేశమున తొలి మహిళా రాష్ట్రపతిగ ప్రతిభా పాటిల్ ప్రమాణము చేసెను.

మాతృభాషయు ధర్మమును

పీఠమెక్కుట గొప్పయే, ఎక్కిన పిమ్మట ఏమి చేసిరన్నది అంతకంటె గొప్ప ప్రశ్న. ఆమెకు పదవి వచ్చిన కొన్ని దినములకే కఠినపరీక్ష యెదురయ్యెను. సోవియట్టు కాలమున రష్యను భాష మాటాడువారు లక్షలకొలది లాత్వియాలో స్థిరపడిరి. సొంతదేశమున తమ భాష చిన్నబోయినదని లాత్వియనులకు బాధ. అందుచే శాసనసభ లాత్వియను భాషను బలపఱచుచు ఒక భాషాచట్టము చేసెను. ఆ చట్టమున ప్రైవేటు వ్యవహారములలో సహితము ప్రభుత్వము చేయిపెట్టు నియమములు కొన్ని యుండెను.

ఆ భాషకై జీవితమంతయు పరితపించిన స్త్రీ యామె. శిబిరములో ఆ భాషలోనే అక్షరములు దిద్దినది. సంతకము చేసియున్నచో జనులు జయజయధ్వానములు చేసెడివారు. అయినను, ఇతరుల హక్కులకు భంగము కలుగుననియు, దేశము అంగీకరించిన అంతర్జాతీయ నియమములకు సరిపడదనియు, ఆమె 1999 జులైలో ఆ చట్టమును పునరాలోచనకై శాసనసభకు త్రిప్పిపంపెను. ఆ సంవత్సరము డిసెంబరులో సవరింపబడిన చట్టము వెలువడెను. భాషను ప్రేమించుట వేఱు, దానిని కొరడాగ పట్టుట వేఱు. పరభాషల నడుమ దిక్కులేక నిలిచిన బాల్యము ఆమెకు ఈ వివేకమును నేర్పెనని తలచుటలో తప్పులేదు.

2005 మే 9న యుద్ధవిజయపు అఱువదియవ వార్షికోత్సవమునకు రష్యా పిలిచినపుడు లిథువేనియా, ఎస్తోనియా రాష్ట్రపతులు పోలేదు. ఆమె మాస్కోకు పోయెను. పోవుటకు ముందే, ఆ విజయము తన దేశమునకు విముక్తిని కాక మరియొక దాస్యమును తెచ్చెనను సత్యమును ప్రపంచమునకు స్పష్టముగ చెప్పెను. పగతో తలుపు మూయలేదు. మర్యాదకొఱకు సత్యమును మింగలేదు.

పోయినవి, మిగిలినవి

శాంతిపర్వమున శంఖలిఖితుల కథ కలదు. అన్న తోటలోని పండ్లను అడుగక తిన్న దోషమునకు లిఖితుడు తానే రాజుకడకు పోయి దండన కోరి, చేతులు పోగొట్టుకొనెను. బాహుదా నదిలో మునుగగా ఆ చేతులు మరల మొలచెను. ఆ బాహుదయే ఈ చెయ్యేరని ఇచ్చటివారి విశ్వాసము. లిఖితుడు చేసినదానికి దండన పొందెను. పోయినదంతయు మరల పొందెను. కాందిశీక బాలిక ఏ దోషమును చేయలేదు. ఆమెకు దేశము దక్కినను, పరదేశపు మట్టిలో కలిసిన చెల్లెలు దక్కలేదు. ఇంటివాకిట ఆడుకొనవలసిన బాల్యము దక్కలేదు. ఏ నదియు వానిని మొలిపింపజాలదు. కనుక ఈ చరిత్రమును చదివి, కష్టములు మనుష్యులను గొప్పవారిని చేయునని తేలికగ తీర్మానింపరాదు. కష్టములు పెక్కుమందిని చంపును. 2024 చివరకు ప్రపంచమున బలవంతముగ ఇండ్లు విడువవలసివచ్చినవారు 12 కోట్లకు పైబడిరని ఐక్యరాజ్యసమితి కాందిశీకుల సంస్థ లెక్క. వారిలో నూటికి సుమారు నలుబదిమంది పిల్లలు. అందఱికిని పీఠములు దొరకవు. బడి మాత్రము దొరకవలెను.

వైరా జీవితమున ఆమె చేతిలో లేనివి కొన్ని. శిబిరమున తిండి పెట్టినవారు, ద్వారములు తెఱచిన దేశములు, బడికి పోవలసినదని పలికిన తండ్రి, పాటలను చీటీలపై వ్రాసి సొరుగులలో నుంచిన బారోన్స్. ఆమె చేతిలో నున్నది ఒక్కటే: దొరకినదానిని జారవిడువకుండుట. శిబిరపు బడిలోని అక్షరమును, బ్యాంకు పని ముగిసిన తరువాతి సాయంకాలమును, అజ్ఞాతస్త్రీలు పాడిన నాలుగు చరణములను ఆమె జారవిడువలేదు.

గ్రామ గ్రంథాలయము చేయు పనియు బారోన్స్ బీరువా చేసిన పనియే. ఏ పుస్తకము ఎవరి చేతికి ఎప్పుడు అక్కఱకు వచ్చునో బీరువాలో నుంచినవారికి తెలియదు. ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయపు బీరువాలలో పుస్తకములు చేరుచున్నవి. వానిని తీసికొనిపోవు చందాదారులలో ఇండ్లలోని ఆడుపిల్లలెందఱు, వారి పేరిట చందా కట్టు తండ్రులెందఱు అను లెక్కను ప్రతి యింటివారును ఈ యుత్సవవేళ ఒకసారి చూచుకొనుట మేలు. ఈ ప్రాంతపు తల్లులును అవ్వలును పాడుకొను పాటలలో ఎన్ని కాగితముపై కెక్కినవో, ఎన్ని వారితోనే పోవుచున్నవో కూడ విచారింపదగినది. అన్నమాచార్యుల ధర్మపత్నియైన తాళ్ళపాక తిమ్మక్క సుభద్రా కల్యాణమును రచించినది ఈ నేలపైననే. ఆమె పాట నిలిచినది. ఆమెకు సాటియైనవారి పాటలెన్ని నిలువలేదో ఎవరెఱుగుదురు?

బడి మానవలసివచ్చిన బాలిక యొకతె ఈ గ్రంథాలయపు గడప దాటి లోనికి వచ్చి ఒక పుస్తకమును కోరినచో, ఆమె ఏ పీఠ మెక్కునో యని యెవ్వరును అడుగనక్కఱలేదు. ఆమె చేతికి పుస్తకమందిన చాలును. రాబోవు ఇరువదియైదేండ్లలో అట్టి చేతులు ఈ గ్రంథాలయమున పెక్కు కనబడుగాక!